ఓడిన పక్షమున నమ్మకముగా నిలిచినవాడు
డేవీ ఓబ్రయన్ జీవితము

ధ్యానభాగము: 1 సమూయేలు 17:38–40

ఈ మాసము మేము మీ యెదుట ఉంచదలచినది ఒక ఆటగాని జీవితము. సంఘపత్రికలో ఆటగానికేమి పని యని పెద్దలలో కొందరు తలంచవచ్చును. అయితే అపొస్తలుడైన పౌలు పందెపు రంగమందు పరుగెత్తువారిని చూపి సంఘములకు బుద్ధి చెప్పుటకు వెనుదీయలేదు గనుక మేమును వెనుదీయము. పైగా ఈ మనుష్యుడు తన దేశమంతట పేరుపొందిన తరువాత ఒక సంఘములో డీకనుగా పరిచర్య చేసినవాడు.

ఇతనిని జ్ఞాపకము చేసికొనువారు సాధారణముగా 1938వ సంవత్సరమును గూర్చియే చెప్పుదురు. ఆ యేడు అతడు ఆడిన ఆటలన్నియు గెలిచెను. మేమైతే ఆ తరువాతి రెండు సంవత్సరములను గూర్చి మరి యెక్కువగా చెప్పగోరుచున్నాము. ఆ రెండేండ్లలో అతని పక్షము 22 ఆటలాడి రెండు మాత్రమే గెలిచెను. మనుష్యుని నమ్మకత్వము గెలుపుల లెక్కలో ఉన్నదా, లేక వేరొక చోట ఉన్నదా అను ప్రశ్న అక్కడ మనకెదురగును.

ముందుగా ఆ ఆటను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను. అమెరికా దేశస్థులు ఫుట్‌బాల్ అని పిలుచునది మన పిల్లలు కాలితో తన్ను బంతియాట కాదు. వారి బంతి గుండ్రముగా ఉండక రెండు కొనలు సన్నగిల్లి నడుమ లావుగా ఉండును. దానిని చేతబట్టి పరుగెత్తుదురు, చేతితో విసరుదురు. పక్షమునకు 11 మంది. మైదానము 100 గజముల పొడవు. బంతి కలిగిన పక్షమువారు నాలుగు ప్రయత్నములలో 10 గజములైనను ముందుకు సాగవలెను. సాగనియెడల బంతి ఎదుటివారి వశమగును. ఎదుటివారి చివరి గీత దాటించినయెడల 6 పాయింట్లు దొరకును. చెడుగుడులో కూతకు వచ్చినవానిని పదిమంది పైబడి పట్టునట్లు, బంతి పట్టినవానిని ఎదుటివారు మీదపడి నేలను కూల్చుదురు. అందుచేత అది బలిష్ఠుల ఆట. బంతిని మొదట అందుకొని, విసరుటయా, మోసికొని పరుగెత్తుటయా, మరియొకనికి అందించుటయా అని రెప్పపాటులో నిర్ణయించువానిని క్వార్టర్‌బ్యాక్ అందురు. ఆ కాలమున బంతి తమదైనప్పుడు ఆడినవారే బంతి ఎదుటివారిదైనప్పుడును మైదానములో నిలిచి అడ్డుకొనవలసియుండెను. మధ్యమధ్య విశ్రాంతి యనునది అరుదు.

రాబర్ట్ డేవిడ్ ఓబ్రయన్ 1917 జూన్ 22న టెక్సస్ రాష్ట్రములోని డల్లస్ పట్టణమున జన్మించెను. అందరును అతనిని డేవీ అని పిలిచిరి. డేవిడ్ అనగా మన దావీదే. ఆ పట్టణములోని ఉడ్రో విల్సన్ హైస్కూలులో అతడు చదువుచు ఆటలో పేరు తెచ్చుకొనెను. పూర్తిగా ఎదిగిన తరువాత అతని ఎత్తు 5 అడుగుల 7 అంగుళములు, బరువు 150 పౌనులు, అనగా దాదాపు 68 కిలోలు. మన గ్రామములలో అట్టివానిని ఎవరును పొట్టివాడనరు. కాని ఆ ఆటలో ఎదుట నిలుచువారు అతనికంటె చాల ఎత్తరులు, చాల బరువుగలవారు. వారి నడుమ అతడు పిల్లవానివలె కనబడెను.

1935లో అతడు ఫోర్ట్ వర్త్ పట్టణములోని టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీలో చేరెను. అది అడిసన్ క్లార్క్, రాండాల్ఫ్ క్లార్క్ అను అన్నదమ్ములు 1873లో థార్ప్ స్ప్రింగ్ అను చిన్న ఊరిలో స్థాపించిన కళాశాలనుండి పెరిగినది. డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్ అను సంఘశాఖతో దానికి సంబంధమున్నది. అక్కడ ఆట నేర్పువాడు డచ్ మేయర్. బంతిని ఎక్కువగా మోసికొని పోవుచున్న ఆ కాలములోనే, విసరుటద్వారా ముందుకు సాగవచ్చునని నమ్మి ఆ విద్యను తన విద్యార్థులకు నేర్పినవాడు అతడు.

అయితే ఓబ్రయన్ వెళ్లునప్పటికి అక్కడ వేరొకడు ఆ స్థానమందు నిలిచియుండెను. అతని పేరు సామీ బా. పొడవైనవాడు, బంతి విసరుటలో దేశమంతట ప్రసిద్ధుడు. 1936లో ఓబ్రయన్ అతనికి మారుగా వేచియుండువాడు మాత్రమే. ప్రక్కన కూర్చుండి మరియొకని పని చూచుచు నేర్చుకొనుట పడుచువానికి తేలిక కాదు. 1937 జనవరి 1న మొట్టమొదటి కాటన్ బౌల్ పోటీలో ఆ యూనివర్సిటీ మార్కెట్ యూనివర్సిటీని 16–6తో ఓడించెను. ఆ సంవత్సరమే బా కళాశాల విడిచి జీతపు ఆటకు వెళ్లెను. అతని స్థానము ఓబ్రయన్‌కు వచ్చెను.

ఆ మొదటి యేడు, అనగా 1937లో, యూనివర్సిటీ పక్షము నాలుగు ఆటలు గెలిచి, నాలుగు ఓడి, రెండింటిని సమముగా ముగించెను. గొప్పవాని తరువాత వచ్చినవాని భారమెట్టిదో మనమెరుగుదుము. పేరుగల బోధకుడు బదిలీయై వెళ్లిన పిమ్మట ఆ సంఘమునకు వచ్చిన క్రొత్త బోధకుని అడిగిన చెప్పును. సౌలు తన యుద్ధవస్త్రములను దావీదునకు తొడిగినప్పుడు ఆ పిల్లవాడు వాటితో నడువలేకపోయెను. వాటిని తీసివేసి, తనకు వాడుకయైన వడిసెలను, ఏటి రాళ్లను పట్టుకొని వెళ్లెను. ఓబ్రయన్‌కును బా యొక్క పొడవు లేదు. తనకున్నవి చురుకైన కాళ్లు, తప్పని గురి, త్వరగా నిర్ణయించు మనస్సు. వాటితోనే అతడు నిలిచెను.

1938లో అతని పక్షము ఒక్క ఆటయైనను ఓడలేదు. మామూలు పోటీలు 10 గెలిచి, దేశములోని కళాశాలలన్నిటిలో మొదటి స్థానము పొందెను. ఆ పది ఆటలలో ఓబ్రయన్ విసరిన బంతులవలన 1,457 గజములు సాగిరి. వాటిలో 19 చివరి గీత దాటి పాయింట్లు తెచ్చెను; ఎదుటివారి చేత చిక్కినవి 4 మాత్రమే. ఈ రెండవ లెక్కను మేము మొదటిదానికంటె ఎక్కువగా మెచ్చుకొందుము. ధైర్యముగా విసరువారు అనేకులు. ధైర్యముతోకూడ జాగ్రత్త కలిగినవారు కొద్దిమంది.

1939 జనవరి 2న న్యూ ఆర్లియన్స్ పట్టణమున షుగర్ బౌల్ అను పోటీలో వారు కార్నెగీ టెక్ అను కళాశాలతో తలపడిరి. సగము ఆట ముగియునప్పటికి 7–6తో వెనుకబడియుండిరి. రెండవ సగములో ఓబ్రయన్ దూరముగా విసరిన బంతి 6 పాయింట్లు తెచ్చెను. పిమ్మట అతడే కాలితో తన్నిన బంతి గుంజల నడుమనుండి పోయి మరి 3 తెచ్చెను. 15–7తో గెలిచి, పదకొండు ఆటలలో పదకొండు గెలుపులతో ఆ యేడు ముగించిరి.

ఆ కాలమున కళాశాల ఆటగానికి దొరకదగిన గొప్ప బహుమానములు మూడు: హైస్‌మన్, మాక్స్‌వెల్, వాల్టర్ క్యాంప్. ఒకే సంవత్సరమున మూడును పొందిన మొదటివాడు డేవీ ఓబ్రయనే. హైస్‌మన్ బహుమానము అందుకొనుటకు న్యూయార్కు వెళ్లినప్పుడు, ఫోర్ట్ వర్త్ పట్టణపు అభిమానులు ఆ మహానగరపు వీధులలో అతనిని పాతకాలపు గుర్రపు బండి మీద ఊరేగించిరి. ఇరువది యొకటి యేండ్ల వయస్సు. ఇంతకంటె పైమెట్టు ఇక లేదని ఎవరికైనను తోచును.

ఇప్పుడు మేము చెప్పదలచిన భాగమునకు వచ్చితిమి.

అమెరికాలో కళాశాల చదువు ముగిసిన మంచి ఆటగాండ్రను జీతపు పక్షములవారు వరుసక్రమమున ఎన్నుకొందురు. బలహీనమైన పక్షమునకు ముందుగా ఎన్నుకొను అవకాశమియ్యవలెనని ఆ యేర్పాటును ప్రతిపాదించినవాడు బెర్ట్ బెల్. అతడు ఫిలడెల్ఫియా ఈగల్స్ అను పక్షమునకు యజమానుడు, శిక్షకుడు కూడ. 1939 ఎంపికలో అతని పక్షము నాలుగవ పేరుగా ఓబ్రయన్‌ను ఎన్నుకొనెను. ఈ యేర్పాటులోని చిత్రమేమనగా, ఎక్కువగా మెప్పుపొందినవాడు తరచుగా తక్కువ బలముగల ఇంటికే పోవలసియుండును. ఓబ్రయన్‌కును అట్లే జరిగెను.

1939లో అతడు బంతి విసరి 1,324 గజములు సంపాదించెను. రెండేండ్ల క్రిందట సామీ బా నెలకొల్పిన లెక్కను అది దాటెను. ఆ యేట నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అంతటిలో అతనికి మించినవాడు లేడు. అయినను అతని పక్షము ఒక్కటి గెలిచి, తొమ్మిది ఓడి, ఒకటి సమముగా ముగించెను. ఆ సంవత్సరమే అక్టోబరు 22న బ్రూక్లిన్‌లో వారాడిన ఆటను టెలివిజన్‌లో చూపిరి. జీతపు ఫుట్‌బాల్ టెలివిజన్‌లో కనబడుట అదే మొదలు. చరిత్రలో నిలిచిన ఆ ఆటలోను ఈగల్స్ 23–14తో ఓడిరి. 1940లో స్థితి మరియు దిగజారెను: ఒక గెలుపు, పది ఓటములు.

ఇంత నేర్పుగలవాడుండగా ఓటములేల? ఆ ఆట సంగతి తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యము లేదు. విసరువాని యెదుట కొందరు గోడవలె నిలిచి ఎదుటివారిని ఆపవలెను. ఆ గోడ పగిలినయెడల ఎంత గురిగల చేతికైనను విసరుటకు సమయము దొరకదు. దూరముగా పరుగెత్తి బంతి పట్టువాడు ఉండవలెను. ఎదుటివారు సాగివచ్చునప్పుడు అడ్డగించు పదకొండు మందియు గట్టివారై యుండవలెను. ఒక్కని వరము పదకొండు మంది పనికి సరిపోదు. ఇది మైదానములోనే గాక సంఘములోను నిజము. మంచి ప్రసంగికుడొకడుండగానే సంఘము బలపడునని తలంచు మనము ఈ లెక్కను జ్ఞాపకముంచుకొనవలెను.

ఓబ్రయన్ రెండవ యేడు చివరకు ఆట విడిచి వేరొక పనికి పోవ నిశ్చయించుకొనెను. అతని కడపటి ఆట 1940 డిసెంబరు 1న వాషింగ్టన్ నగరమున జరిగెను. ఎదుటి పక్షమున నిలిచినవాడు ఎవరు? ఫోర్ట్ వర్త్‌లో ఎవని ప్రక్కన కూర్చుండి అతడు పని నేర్చుకొనెనో ఆ సామీ బాయే. వాషింగ్టన్ వారు ఆ యేడు తమ భాగమున మొదటివారు. ఈగల్స్ అందరికంటె కడపటివారు. ఓడినను గెలిచినను ఈగల్స్ స్థితి మారునది కాదు. వెళ్లిపోవువాడు ఒళ్లు దాచుకొనినను అడుగువాడు లేడు.

ఆ దినమున అతడు 60 సార్లు బంతి విసరెను. 33 తనవారి చేత పడెను. మొత్తము 316 గజములు. ఆ దినమువరకు ఆ లీగ్‌లో ఒక్క ఆటలో అన్నిసార్లు విసరినవాడు లేడు. అందులో 14 బంతులను పట్టినవాడు డాన్ లూనీ; అతడును అదే యూనివర్సిటీనుండి వచ్చిన తోటివాడే. ఇంత జరిగినను ఈగల్స్ 13–6తో ఓడిరి. ఒక్కొక్కసారి విసరిన వెంటనే ఎదుటి బరువైనవారు మీదపడగా, లేచి మరల విసరిన 68 కిలోల మనుష్యుని తలంచుకొనుడి. గెలుపు కొరకు మాత్రమే పనిచేయువాడు అట్లు అరువదిసార్లు విసరడు.

ఈ సంగతికి ఇంకొక కొస ఉన్నది. ఆ దినమున గెలిచిన వాషింగ్టన్ వారు సరిగా వారము తరువాత, డిసెంబరు 8న, లీగ్ విజేతను తేల్చు ఆటలో షికాగో బేర్స్ చేతిలో 73–0తో ఓడిరి. ఒక్క పాయింటైనను తెచ్చుకొనలేకపోయిరి. గెలిచినవారి గెలుపు ఏడు దినములకంటె ఎక్కువ నిలువలేదు. ఓడినవాని అరువది విసరులను మాత్రము జనులు చాలకాలము చెప్పుకొనిరి.

1941లో ఓబ్రయన్ ఎఫ్.బి.ఐ. అను కేంద్ర నేరపరిశోధక శాఖలో చేరెను. అతనికి 23 ఏండ్లు. ఆటగానికి బలము పూర్తిగా కుదురుకొను వయస్సు అది. శిక్షణ ముగిసిన పిమ్మట మిస్సౌరీ రాష్ట్రములోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు అతనిని పంపిరి. ఆ యేడు చివరనే అమెరికా రెండవ ప్రపంచయుద్ధములో ప్రవేశించెను. తరువాత వర్జీనియాలోని క్వాంటికోలో క్రొత్తగా చేరినవారికి తుపాకి గురి నేర్పు ఉపదేశకుడుగా పనిచేసెను. చివరి అయిదేండ్లు స్వస్థలమైన డల్లస్ కార్యాలయములో గడపెను. వేలమంది కేకలు వేయు మైదానము విడిచి, పేరు బయటికి రాని పనిలో పది సంవత్సరములు.

ఇక్కడ మేము ఒక మాట జాగ్రత్తగా చెప్పవలెను. ఆట లోకసంబంధమైనదనియు, నేరపరిశోధన పరిశుద్ధమైనదనియు మేము చెప్పుట లేదు. అతడు వెళ్లిపోవుటవలన ఈగల్స్ పక్షమునకు నష్టమే కలిగెను. ఇంకను కొన్నాళ్లు ఉండవలసినదని తలంచినవారిది తప్పనలేము. అయితే ఒక విషయము స్పష్టము. ఉన్నంతకాలము పూర్తిగా ఉండెను. వెళ్లు దినము వచ్చినప్పుడు పూర్తిగా వెళ్లెను. ఈ రెండును కలిసి దొరకుట అరుదు. మనలో కొందరు శరీరముతో ఒకచోట ఉండి మనస్సుతో వేరొకచోట ఉందుము. మరికొందరము పదవి విడిచిన తరువాతను దాని నీడను విడువము. సంఘకమిటీలో పెద్దరికము పోయిన మరుసటి ఆదివారమునుండి గుడికి రానివారిని మేము చూచితిమి. ఇది వ్రాయుచున్న మేమును ఆ శోధనకు వెలుపలివారము కాము. వార్షిక నివేదికలో బాప్తిస్మముల సంఖ్య తక్కువగా వ్రాయవలసివచ్చిన సంవత్సరమున మా చేయి ఎంత బరువెక్కునో మేమెరుగుదుము.

1950లో ఓబ్రయన్ ప్రభుత్వోద్యోగము మానుకొని, నూనె గనుల ధనవంతుడైన హెచ్. ఎల్. హంట్ వద్ద భూముల అభివృద్ధి పనిలో చేరెను. పిమ్మట డల్లస్‌లోని డ్రెస్సర్ అట్లాస్ అను సంస్థలో నూనె వ్యాపారమునకు సంబంధించిన పని చేసెను. కళాశాలలో పరిచయమైన యువతిని వివాహమాడెను. వారికి ముగ్గురు పిల్లలు. 1955లో కళాశాల ఫుట్‌బాల్ ప్రఖ్యాతుల మందిరమున అతని పేరు చేర్చిరి. తన యూనివర్సిటీ పూర్వవిద్యార్థుల సంఘమునకు అధ్యక్షుడుగా ఉండెను. వై.ఎం.సి.ఎ.కు తోడ్పడెను. పడుచువారికి ముష్టియుద్ధము నేర్పి పోటీలు జరుపు గోల్డెన్ గ్లవ్స్ పనిలో పర్యవేక్షకుడుగా నిలిచెను. 1960 తరువాతి తొలి సంవత్సరములలో డల్లస్ కౌబాయ్స్ ఆటలను టెలివిజన్‌లో చూచువారికి ఆట మర్మము వివరించి చెప్పెను. మైదానములోనికి మరల ఆటగాడుగా మాత్రము దిగలేదు.

ఫోర్ట్ వర్త్‌లోని యూనివర్సిటీ క్రిస్టియన్ చర్చిలో అతడు డీకను. డీకను అనగా పరిచారకుడు. ఆ సంప్రదాయపు సంఘములలో ప్రతి ఆదివారము ప్రభువు బల్ల ఆచరింతురు. రొట్టెయు పాత్రయు వరుసవరుసకు అందించుట డీకనుల పని. మూడు గొప్ప బహుమానములు అందుకొనిన చేతికి ఇది తగ్గింపు కాదా యని లోకము అడుగును. మేమట్లు తలంచము. క్వార్టర్‌బ్యాక్ పనియు మూలమున అదియే గదా: తన చేతికి వచ్చినదానిని తనయొద్ద ఉంచుకొనక తోటివానికి చేర్చుట. బంతి తనయొద్దనే ఉంచుకొనువాడు ఆ స్థానమునకు తగడు. రొట్టె తనయొద్దనే ఉంచుకొనువాడును ఈ స్థానమునకు తగడు.

1971లో అతనికి క్యాన్సరు వ్యాధి కనబడెను. శస్త్రచికిత్సలో ఒక మూత్రపిండమును, పెద్దప్రేగులో కొంత భాగమును తీసివేసిరి. మరి ఆరేండ్లు జీవించి, 1977 నవంబరు 18న, 60 ఏండ్ల వయస్సున మరణించెను. ఆ సంవత్సరమే అతని పేరిట ఒక స్మారక బహుమానము ఏర్పడెను. 1981నుండి అది దేశములోని కళాశాల క్వార్టర్‌బ్యాకులలో ఉత్తమునికి ఏటేట ఇయ్యబడుచున్నది. ఒకప్పుడు తన స్థానము కొరకు వేచి కూర్చుండినవాని పేరు, ఇప్పుడు ఆ స్థానమందు నిలిచిన పడుచువారికి గౌరవముగా దొరకుచున్నది.

ప్రియులారా, మన సంఘములలో గెలుపు లెక్క తక్కువగా ఉన్నవారు అనేకులున్నారు. నలుగురు పిల్లలతో ఆదివారపు బడి నడుపు సహోదరి యున్నది. త్రాగుడు మానని కుమారుని కొరకు ఇరువది యేండ్లుగా ప్రార్థించు తల్లి యున్నది. వరుసగా రెండు పంటలు పోయినను మూడవసారి విత్తనము చల్లబోవు రైతున్నాడు. 22లో 2 అను లెక్క వారికి క్రొత్తది కాదు. వారి పని ఫలింపలేదని చెప్పుటకు మనమెవరము? దావీదు ఏటి యొడ్డున రాళ్లు ఏరుకొనినప్పుడు గొల్యాతు ఇంకను నిలువబడియే యుండెను. గెలుపు అప్పటికి రాలేదు. అతని నమ్మకము మాత్రము అప్పటికే అతని సంచిలో ఉండెను.

గనుక మన చేతిలో నేడు ఏమున్నదో దానిని నేడే విసరుదము. అరువదవసారియైనను విసరుదము. పట్టువాడు పట్టును, లెక్క వ్రాయువాడు పైనున్నాడు.